కూతలో పట్టు, బరిలో గుద్దు

2025 ఆగస్టు 29న ప్రో కబడ్డీ 12వ సీజన్ విశాఖలో మొదలైంది. తొలి పోరు తెలుగు టైటాన్స్‌కూ తమిళ్ తలైవాస్‌కూ. ఇదే ఊళ్లో ఇంజనీరింగ్ కుర్రాళ్లు టెక్ ఫెస్టుల్లో రోబోలను బరిలోకి దింపుతుంటారు. రెండు చోట్లా పేచీ ఒకటే: అవతలివాణ్ని ఎంతవరకు తాకొచ్చు? కబడ్డీ నియమావళినీ, విద్యార్థుల రోబో పోటీల్లో పేరున్న ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ (ఎఫ్ఆర్‌సీ) నియమావళినీ పక్కపక్కన పెట్టి చదివితే, దేని బలం ఎక్కడుందో తేలుతుంది.

ఎక్కడ తాకాలన్నది మొదటి లెక్క. కూతకొచ్చినవాణ్ని కాళ్లూ చేతులూ మొండెం తప్ప మరోచోట కావాలని పట్టకూడదంటుంది కబడ్డీ. నోరు మూయడం, కత్తెర పట్టు వేయడం నిషిద్ధం. మరి రోబోకు ఒళ్లు ఎక్కడ మొదలవుతుంది? ఎఫ్ఆర్‌సీ ఆ గీతను బంపర్‌తో గీసింది. చట్రం చుట్టూ చెక్క, దానిమీద ఫోమ్, పైన ఎరుపో నీలమో గుడ్డ, తెల్ల అంకెల్లో టీమ్ నంబరు. బంపరూ బంపరూ ధడేలున గుద్దుకున్నా ఆట సాగుతుంది. చెయ్యి చాచి అవతలి చట్రం లోపల వైరు తెంపిందంటే మాత్రం తప్పు తప్పే. కావాలని చేశారా, పొరపాటా అని ఎవరూ అడగరు. ఈ విషయంలో రోబో పుస్తకానిదే పైచేయి.

ఎంతసేపు అన్న దగ్గర రెండూ ఎదురెదురు. కబడ్డీలో రైడ్‌కు 30 సెకన్లు. ఆ లోపు కదలనివ్వకుండా పట్టి ఉంచడమే ఆట. రోబోల్లో అదే నేరం. ప్రత్యర్థిని గోడకు అదిమిపెడితే రిఫరీ చేయి ఊపుతూ లెక్కపెడతాడు. ఆ గడువు 2024లో 5 సెకన్లు, 2025లో 3. ఆ సీజన్లలో మ్యాచ్ మొత్తం రెండున్నర నిమిషాలే కాబట్టి ఈ బిగింపు సబబే.

ఉద్దేశం దగ్గరికొచ్చేసరికి రెండూ తడబడతాయి. కావాలని గీత అవతలికి నెట్టకూడదంటుంది కబడ్డీ. కావాలని పడగొట్టకూడదంటుంది ఎఫ్ఆర్‌సీ. కబడ్డీ అంపైర్‌కు కనీసం నెట్టినవాడి భుజం కనిపిస్తుంది. రోబో రిఫరీ ముందు ఉన్నది యంత్రం. నడిపే పిల్ల ఎక్కడో పారదర్శక ప్లాస్టిక్ గోడ వెనక జాయ్‌స్టిక్ పట్టుకుని ఉంటుంది. వైరు తెగితే ఉద్దేశం అడగని పుస్తకం, బోల్తా పడితే ఎందుకు అడగాలి? అందుకు సమాధానం లేదు.

న్యాయం చేయడంలో కబడ్డీదే గెలుపు. నెట్టినవాడు ఔట్, నెట్టించుకున్నవాడు నాటౌట్. అక్కడికక్కడే లెక్క సరి. ఎఫ్ఆర్‌సీలో పెనాల్టీ పాయింట్లు అవతలి జట్ల కూటమికి వెళ్తాయి కానీ, బోల్తాపడ్డ రోబో మ్యాచ్ అయ్యేదాకా అలాగే ఉండిపోవచ్చు. అనుమానం వస్తే ఎటు మొగ్గాలో మాత్రం ఈ రెండింటికన్నా వెక్స్ అనే మరో విద్యార్థి రోబో పోటీల నియమాలు బాగా చెప్పాయి: గోలు కోసం ఆడుతున్న రోబోకే అనుకూలంగా తీర్పివ్వాలి, అడ్డుకునేదానికి కాదు.

ఎఫ్ఆర్‌సీ మరో మంచి అలవాటు చేసింది. సీజన్‌లో పోటీలు మొదలయ్యేదాకా మంగళ, శుక్రవారాల్లో, ఆ తర్వాత మంగళవారాల్లో వివరణలు వెలువడతాయి; అవీ నియమాల్లో భాగమే. ఒక జట్టుకు చెప్పింది అందరికీ తెలుస్తుంది. మన ఫెస్టుల కరపత్రాల్లో తరచూ కనిపించేది ఒకే వాక్యం: "రిఫరీదే తుది నిర్ణయం." ఆ నిర్ణయం దేన్నిబట్టో చెప్పకపోతే ఓడిన జట్టు బరి దిగాక కూడా వాదిస్తూనే ఉంటుంది.

విశాఖలో పోటీ పెట్టేవాళ్లు ఎఫ్ఆర్‌సీ నుంచి గీతనూ గడియారాన్నీ, వెక్స్ నుంచి అనుమానపు తీర్పునూ, కబడ్డీ నుంచి తక్షణ న్యాయాన్నీ తీసుకోవాలి. "ఉద్దేశపూర్వకంగా" అన్న మాటను కార్డు చూపించే పెద్ద తప్పులకే ఉంచాలి. వీటన్నిటికీ ఒక పేజీ చాలు. ఆ పేజీ పోటీ రోజున కాదు, పిల్లలు మొదటి బోల్టు బిగించకముందే వాళ్ల చేతికి అందాలి.