చమురు కోసమే అంటే సరిపోదు

గల్ఫ్‌లో ఎక్కడ బాంబు పడినా ‘అంతా చమురు కోసమే’ అనేస్తాం. అంతర్జాతీయ సంబంధాలు బోధించే నాకు ఆ మాటతో తృప్తి కలగదు. చమురు ఏ దారిన యుద్ధందాకా వచ్చిందో తేల్చడమే పరిశోధకుల అసలు పని.

ఆ పని ఓపిగ్గా చేసినవారిలో అమెరికాలో ప్రొఫెసర్‌గా ఉన్న జెఫ్ కోల్గన్ ఒకరు. 1973 తర్వాత దేశాల మధ్య జరిగిన యుద్ధాల్లో పావు వంతు నుంచి సగం దాకా చమురుతో ఏదో ఒక లంకె ఉందని ఆయన లెక్క. అయితే బావుల్ని ఆక్రమించుకోవడం ఆ దారుల్లో ఒకటి మాత్రమే. ఆయన యుద్ధం జరిగిన చోటుతో పాటు జరగని చోటునూ చూశారు. ఈ పద్ధతే నాకు నచ్చింది. గడాఫీ ఏలుబడిలో లిబియా పొరుగునున్న చాద్ మీదికి సైన్యాన్ని పంపింది. అంతకంటే ఎక్కువ చమురున్న సౌదీ ఆ రోజుల్లో అలాంటి దూకుడుకు పోలేదు. గడాఫీ 1969లో రాజును కూలదోసి గద్దెనెక్కిన విప్లవ నాయకుడు. అలాంటి మనిషి చేతిలో చమురు డబ్బు పడితే జనానికి జవాబు చెప్పుకోవాల్సిన అవసరం తగ్గుతుంది, తెగింపు పెరుగుతుంది.

మరో పరిశోధకురాలు ఎమిలీ మైయర్డింగ్ 2020లో రాసిన పుస్తకంలో మరో మాట అన్నారు: చమురు దోచుకోవడానికే దేశాలు యుద్ధానికి దిగడం చాలా అరుదు. ఆక్రమించిన బావుల్ని నడపడం కష్టం, పెట్టుబడి పెట్టేవాళ్లూ దొరకరు.

మరి ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన సంగతేమిటి? ఇరాన్‌తో ఎనిమిదేళ్ల యుద్ధం ఇరాక్‌ను అప్పుల్లో ముంచింది. చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ పెట్టిన కోటా దాటి కువైట్ చమురు తోడుతోంది, ధర పడిపోతోంది. బ్యారెల్‌కు ఒక్క డాలర్ తగ్గినా ఏడాదికి వంద కోట్ల డాలర్లు నష్టమని ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుస్సేన్ 1990 మేలో బాగ్దాద్‌లో అరబ్ నేతల ముందు వాపోయాడు. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్ మీదికి కదిలింది. ఇందులో చమురు ఉంది, అప్పూ ఉంది, గద్దె పోతుందన్న భయమూ ఉంది. ఒక్కటే పట్టుకుంటే మిగతావి జారిపోతాయి.

ఆ యుద్ధం మన గడప తొక్కింది కూడా. లక్షా 70 వేలకు పైగా భారతీయుల్ని జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు. కువైట్‌కు కడప, గోదావరి జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లు ఎందరో. అప్పుడు తిరిగొచ్చినవాళ్లకు ఇప్పుడు వయసు మీద పడింది. మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధనకు అంశం వెతుక్కుంటున్న పిల్లలు ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాటలు రికార్డు చేయాలి.