వావిలి కంచె

రాయగడలో మా పెరటికి వావిలి కంచె ఉండేది. తొలకరికి కొమ్మ నరికి గుచ్చితే చాలు, చిగురు పెడుతుంది. మేకలు దాని జోలికి రావు. చిక్కల్లా ఒక్కటే: ఎండిన గుంజ పక్కన కొత్తది గుచ్చేవాడు తన వైపు గుచ్చడు. ఏటా నాలుగు వేళ్ల జాగా అవతలికి జరుగుతుంది.

మేం మౌసా అని పిలిచే పక్కింటాయన ఒక ఏడు మూరెడు పోయిందన్నాడు. నాన్న, అంగుళం కూడా పోలేదన్నారు. మాటలాగిపోయాయి. అమ్మా మౌసీ మాత్రం మజ్జిగ గిన్నెలు మార్చుకుంటూనే ఉన్నారు.

జ్యేష్ఠంలో, గడ్డి మాడిపోయాక, భూమి కొలిచే ముసలి అమీను వచ్చాడు. కొలత సంగతి ఎత్తకుండా ముందు మూల తవ్వించాడు. ఒరిగిన రాయి, దాని కింద బొగ్గులు, కుండపెంకులు. "రాయి జరిపేవాడికి బొగ్గు గుర్తుండదు బాబూ" అన్నాడు. ఆయన సొంత తెలివనుకున్నాను. తర్వాతెప్పుడో మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చూస్తే అన్నీ అక్కడే ఉన్నాయి: పొలిమేర తగవు జ్యేష్ఠంలో తీర్చాలి, గుర్తుకు మోదుగ, బూరుగ లాంటి చెట్లు పెంచాలి, భూమిలో బొగ్గు, పెంకులు, ఊక పాతాలి. ఆ పుస్తకంతో నాకు వేరే పేచీలు చాలా ఉన్నాయి కానీ, ఈ పేజీలు రాసినవాడు మాత్రం పొలంలో నిలబడినవాడే.

ఆంధ్ర, ఒడిశా రెండూ మాదంటే మాదనే కొఠియా ఊళ్ల పేరు పేపర్లో కనిపించినప్పుడల్లా ఆ బొగ్గులు గుర్తొస్తాయి. 1936 ఏప్రిల్ 1న విశాఖ ఏజెన్సీ నుంచి కొరాపుట్‌ను ఒడిశాకు కలిపారు. పొట్టంగికీ సాలూరుకీ మధ్య కొండల్లోని 21 ఊళ్ల లెక్క మాత్రం తేలలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో కోర్టు సాంకేతిక కారణాలతో ఆ దావా కొట్టేసింది. అంటే, 38 ఏళ్ల తర్వాత అమీను కొలత గొలుసు విప్పకుండానే ఇంటికెళ్లిపోయాడన్నమాట. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టు మెట్లెక్కింది. ఆ నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని, ప్రధాన కార్యదర్శుల కమిటీ వేద్దామన్నారు. ఈలోగా కొండ మీద కోదు గిరిజనులకు రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. ఇటు బియ్యం, అటు బియ్యం. నేనైతే వాళ్లను తప్పు పట్టను. దశాబ్దాల పాటు రోడ్డుకూ బడికీ గుర్తురాని ఊళ్లు, పోటీ పుట్టాకే రెండు ప్రభుత్వాలకూ ముద్దొచ్చాయి.

మా పెరట్లో అమీను గొలుసు తానూ పట్టలేదు, కూలీకీ ఇవ్వలేదు. 66 అడుగుల గొలుసు, వంద లంకెలు. ఒక కొస నాన్న చేతిలో, రెండోది మౌసా చేతిలో పెట్టాడు. మధ్యలో వేలాడితే లెక్క ఎక్కువొస్తుంది, ఇద్దరూ బిగించి లాగాలన్నాడు. మాటల్లేని ఇద్దరు పెద్దమనుషులు ఎండలో పళ్లు బిగించి చెరో పక్కకూ లాగుతుంటే మేం నోళ్లు నొక్కుకుని నవ్వాం. జానెడు తేలింది. మౌసా మూరెడూ కాదు, నాన్న సున్నా కాదు.

"ఇంకాస్త లాగు భాయీ, నీ వైపే కుంగుతోంది" అన్నాడు మౌసా. ఆరు నెలల్లో అదే మొదటి మాట.