పిట్ట గుణం తెలిసిన గూడు

కౌజు పిట్ట బెదిరిందంటే నిట్టనిలువునా పైకి లేస్తుంది. గూడు కట్టేవాళ్లకు మొదట తెలియాల్సిన సంగతి ఇదే. కోనసీమలోని కొత్తపేట దగ్గర ఒక కొబ్బరితోటలో, వడ్రంగి పని చేసే ఒకాయన ఇంటి అవసరానికి కట్టుకున్న మూడంతస్తుల గూడు చూశాను. ఒక్కో అంతస్తు ఎత్తు 10 అంగుళాలే. ఎత్తు పెంచితే పిట్టకి హాయి అనుకుంటాం గానీ, రెండడుగుల గూట్లో దానికి వేగం అందుకునేంత జాగా దొరుకుతుంది. ఆ ఊపులో తల కప్పుకి తగిలితే నెత్తి చిట్లుతుంది, ఒక్కోసారి మెడే విరుగుతుంది. 10 అంగుళాల్లో అంత ఊపు రాదు. ఆయన అక్కడితో ఆగలేదు. పైనున్న ఇనుప వలకి రెండంగుళాల కింద మెత్తటి నైలాన్ వలని కాస్త వదులుగా కట్టారు. "ఆయ్, లేస్తాదండి. లేవనివ్వాలి. దెబ్బ తగలకూడదు, అంతేనండి" అన్నారు.

ఇవి వలవేసి పట్టిన అడవి పిట్టలు కావు, జపాన్ కౌజులు. 1974లో కాలిఫోర్నియా నుంచి ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కి వచ్చాయి. 1979లో అక్కడే ఏర్పడిన కేంద్ర పక్షి పరిశోధన సంస్థ వీటిని పెంపకందారుల దాకా చేర్చింది. 17, 18 రోజుల్లో గుడ్డు పిల్లవుతుంది, ఆరేడు వారాలకే పెట్ట గుడ్లు మొదలుపెడుతుంది. ఎదిగిన పిట్ట 150 నుంచి 200 గ్రాములు, గుడ్డు 10 గ్రాములు తూగుతుంది. ఇంత చిన్న ప్రాణికి కోళ్ల గూటి కొలతలు ఎలా నప్పుతాయి?

గూటి అడుగు చూస్తే పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. అరంగుళం కన్నాల వల వేశారు. రెట్ట కిందికి జారిపోతుంది, గుడ్డు నిలుస్తుంది. ముందువైపుకి అడుగుకి అంగుళం చొప్పున వాలు పెట్టారు. వాలు తగ్గితే గుడ్లు పిట్టల కాళ్లకింద పడి నలుగుతాయి. ఎక్కువైతే దొర్లుకుంటూ వచ్చి ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. గుడ్డు వచ్చి ఆగే కాలవకి పాత గోనెపట్టా పరిచారు. ఆ కాలవ తూర్పుకి ఉంది. కోడి పొద్దున్నే పెడుతుంది గానీ, కౌజు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక, పొద్దుగూకే లోపు పెడుతుంది. కాలవ పడమటికి ఉంటే అప్పుడే పెట్టిన గుడ్డు మీద వాలు ఎండ పడుతుంది. గూటి ముఖం ఎటు తిప్పాలో పిట్ట గుడ్డుపెట్టే వేళని బట్టి నిర్ణయించడం నాకు ఎంతో నచ్చింది.

ఇక వల అంచులు. కత్తిరించిన తీగ కొన ముల్లులాగే ఉంటుంది. పిట్ట కాలివేలుకి, రొమ్ముకి గుచ్చుకుంటుంది. ఆయన ప్రతి కొననీ బయటికి వంచి, ఆకురాయితో రాసి, పైన వెదురు బద్ద వేసి తాడుతో బిగించారు. తర్వాత పాత చీర గుడ్డ తీసుకుని లోపలంతా మెల్లగా రాశారు. పోగు ఎక్కడ తట్టుకుంటే అక్కడ మళ్లీ ఆకురాయి పట్టారు. నేను చెయ్యి పెట్టి నాలుగు మూలలూ తడిమాను. ఎక్కడా గరుకు తగల్లేదు. కొనే గూళ్లలో ఇంత శ్రద్ధ అరుదు.

ఇక కోనసీమ నేర్పిన పాఠాలు. కొబ్బరి మొవ్వులోకి ఎలుకలు ఎక్కకుండా మానుకి రేకు చుడతాం కదా, అదే రేకు గూటి కాళ్లకీ చుట్టారు. పందికొక్కు గోళ్లు దానిమీద పట్టు దొరక్క జారతాయి. చీమలు ఎక్కకుండా నాలుగు కాళ్లూ నీళ్లుపోసిన కొబ్బరి చిప్పల్లో ఉంచారు. కప్పుకి కొబ్బరాకు తడికలు వేసి, చూరు అడుగున్నర బయటికి దించారు. వేసవి ఉక్కకి నీడ, తుపాను జల్లుకి అడ్డు, పైన వాలే కాకుల రెట్ట మేతలో పడకుండా రక్షణ, మూడూ ఆ చూరుతోనే. 2025 ఫిబ్రవరిలో గోదారి పాయ వశిష్ఠకి అవతల పెరవలి, తణుకు వైపు బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఆ మూడో పని విలువ అందరికీ తెలిసింది.

వరద సంగతి మరీ ముఖ్యం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదారి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో జనం పశువుల్ని, సామాన్లని ఏటిగట్టు ఎక్కించారు. ఈ గూటి సరుగుడు కర్రల్లో ఒక్క ఇనుప మేకూ లేదు. బెజ్జం తొలిచి, కొన దూర్చి, చెక్క మేకు దిగ్గొట్టారు. మేకులు తట్టేస్తే మూడు అంతస్తులూ విడివిడిగా వస్తాయి. పిట్టలతో సహా ఒక్కో అంతస్తుని ఇద్దరు మోసుకుపోవచ్చు.

లోటు ఒకటే కనిపించింది. ఎప్పుడూ తీగ మీదే నిలబడితే బరువైన పెట్టలకి అరికాళ్లు ఒరుసుకుపోతాయి. ఒక మూల నున్నటి చెక్క వేస్తే వాటి కాళ్లకి ఊరట. మట్టిలో పొర్లడం ఈ పిట్టల సహజ గుణం. దాన్ని మాత్రం ఆయన మరిచిపోలేదు. రోజూ కాసేపు గోదారి ఇసుక పోసిన పళ్లెం లోపల పెడతారు. పిల్లల గూట్లో నీళ్ల మూకుడులో గులకరాళ్లు వేశారు, గోరంత పిల్లలు అందులో పడి మునిగిపోకుండా.

మీరూ కట్టుకోదలిస్తే ఒక్క మాట. అంతర్వేది, రాజోలు వైపు ఉప్పుగాలికి నాసిరకం వల తొందరగా తుప్పు పడుతుంది. ముందు పూతపూసి తర్వాత అతికించిన వలకి అతుకుల దగ్గరే చెడుతుంది. అతికించాక జింకు పూత పూసినదే అడిగి తీసుకోండి. ధర ఎక్కువైనా దాని దగ్గర పొదుపు చేయకండి. మిగతా సరుకు చాలావరకు మన తోటల్లోనే ఉంది.