బొల్లికోడికి ఇంకో పేరు

పిట్టలను తెలుగు పేర్లతోనే పిలవాలని, బడిలో అవే నేర్పాలని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. మొన్న ఆదివారం మీరాలం చెరువు కట్ట మీద ఒక పిల్లవాడు ఆ పట్టుదలను కదిలించాడు.

అది మా నాన్న అంటించిన పట్టుదల. యాసంగి నార్లు పోసే రోజుల్లో మా ఊరి తూము దగ్గర కూర్చోబెట్టుకుని, నీళ్ల మీద నల్లగా తేలే పక్షులను చూపించేవాడు. "నుదురు జూడు బిడ్డా, తెల్లగ బొల్లి లేదా? గందుకే బొల్లికోడి." గంటెలాంటి ముక్కుంటే గెంటెమూతి కొంగ. వంటింట్లో గంటెను చూసినవాళ్లెవరికైనా ఆ కొంగను పోల్చుకోవడం తేలిక. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ 1862లో అచ్చు మొదలుపెట్టిన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో పిట్టల పక్కన తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మన పిల్లలకు మాత్రం అవి అందలేదు. ఆ బాధ నాకింకా తగ్గలేదు.

చలికాలపు పిట్టలంటే నగరంలో అందరూ అమీన్‌పూర్‌కో, మంజీరాకో బయల్దేరతారు. పాతబస్తీ వైపు ఎవరూ రారు. మధ్య ఆసియా నుంచి దిగివచ్చే బాతులకు ఆ పట్టింపు లేదు. 21 కమానుల రాతికట్ట వెనక, మురుగు కలిసిన నీళ్లలోనే, గుర్రపుడెక్క వదిలిన కాస్త చోటులో వాలతాయి.

"క్యా దేఖ్‌రే చాచా?" అన్నాడు మేకలు తోలుకొచ్చిన ఆ పిల్లవాడు. బైనాక్యులర్స్ ఇచ్చి, "బొల్లికోడి" అని నేర్పబోయాను.

"హమ్ సఫేద్ చోంచ్‌వాలీ ముర్గాబీ బోల్తే."

తెల్లముక్కు నీటికోడి! ఆ పేరు వాడికి ఏ పుస్తకమూ చెప్పలేదు. మా నాన్న నుదురు చూశాడు, వీడు ముక్కు చూశాడు. ఎండెక్కితే అవి ఏ గుర్రపుడెక్క చాటుకు పోతాయో, సాయంత్రం ఎటు నుంచి బయటికొస్తాయో కూడా వేలుపెట్టి చూపించాడు. నేను కాపాడాలనుకున్నది మాటను అనుకున్నాను. నాన్న నాకిచ్చింది మాట కన్నా ముందు ఆ చూపు. అది ఈ కట్ట మీద దక్కనీలో క్షేమంగా ఉంది.

దూరంగా పొడుగుతోక బాతు ఒకటి కనిపించింది. సూదితోక బాతు అనే పేరు నా నోటిదాకా వచ్చింది. ఆపుకుని, దాన్నేమంటావని అడిగాను. వెంటనే ఏమీ చెప్పలేదు. మేకలు కట్ట దిగిపోతున్నా, అది తల నీళ్లలో ముంచి తోక పైకెత్తేదాకా కళ్లు తిప్పకుండా చూస్తూ నిలబడ్డాడు.