ఆఖరి తీర్మానం

ఈ వారం ఓ వ్యవసాయ కార్మిక సంఘం కరపత్రం చేతికొచ్చింది. మిరప కోత కూలి రేటు, కల్లాల దగ్గర తాగునీళ్లు, ఎండ వేళ విరామం అన్నీ అడిగారు. అన్నిటికన్నా కింద, ఎప్పటిలాగే, ప్రపంచ కార్మికులకు సంఘీభావం తెలిపే ఆఖరి తీర్మానం. చదివి చిరాకుపడ్డాను. ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల కాలపు వలస కూలికి, వచ్చి గుంటూరు పల్లెల పొలిమేరల్లో గుడారాలేసుకునే వాళ్లను సభ్యులుగా చేర్చుకోని సంఘం, సముద్రాల అవతలి వాళ్లకు ఏం ఆసరా అవుతుంది? ఈ మాట ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాశానో పాఠకులకు తెలుసు.

మళ్లీ అదే రాద్దామని కూర్చుంటే పత్తి విత్తనం గుర్తొచ్చింది.

1970లో సూరత్‌లో హెచ్-4 అనే సంకర రకం విడుదలైన నాటి నుంచీ సంకర పత్తి విత్తనం మనిషి చేతుల్లోనే తయారవుతోంది. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే ఒలిచి, పుప్పొడి తిత్తులు తీసేయాలి. తెల్లారాక మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. పూత ఉన్నన్నాళ్లూ రోజూ ఇదే క్రాసింగ్ పని. సన్నటి వేళ్లయితే మొగ్గ చెడదంటూ ఆడపిల్లలను పెట్టుకున్నారు. అసలు సంగతి, పిల్లకు పెద్దల కన్నా తక్కువ కూలి ఇస్తే సరిపోతుంది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో తల్లిదండ్రులు తీసుకున్న అడ్వాన్సు కింద పిల్లలు బడి మానేశారు. కూలి రేటు కోసం కొట్లాడే సంఘాలు, ఆ రేటును కిందికి లాగుతున్న చిన్న చేతుల గురించి పెద్దగా మాట్లాడలేదు.

బడి బయట ఉన్న ప్రతి బిడ్డా కూలే అని శాంతా సిన్హా, పనిలో ఉన్న పిల్లలను బడికి చేర్చే ఆమె సంస్థ ఎం.వి. ఫౌండేషన్ ముందునుంచీ అంటూనే ఉన్నారు. 2003లో దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనం బహుళజాతి విత్తన కంపెనీల పాత్రను బయటపెట్టింది. దాన్ని చేయించింది నెదర్లాండ్స్‌లోని ఇండియా కమిటీ. అదే ఏడాది అక్కడ మొదలైన బాలకార్మిక వ్యతిరేక ప్రచారంలో ఎఫ్‌ఎన్‌వీ అనే కార్మిక సమాఖ్య భాగమైంది. కంపెనీలు చర్చలకొచ్చాయి. రైతుకిచ్చే విత్తన ధర పెరగందే పెద్దవాళ్లను పెట్టుకోవడం గిట్టుబాటు కాదన్న లెక్క అప్పుడే అందరి ముందుకూ వచ్చింది. మన ధర్నా మండలాఫీసు దగ్గర ఆగిపోతుంది. అక్కడివాళ్లు వేసిన ప్రశ్న కంపెనీ హెడ్డాఫీసు తలుపు తట్టింది.

అందుకే ఆ ఆఖరి తీర్మానం ఉండాల్సిందే అంటాను. ఎవరికి, దేని గురించి అన్నది లేకపోవడమే దాని లోటు. గ్రామీణ కార్మికుల సంఘ హక్కు మీద ఐఎల్ఓ 141వ ఒడంబడికను మన దేశం 1977లోనే ఆమోదించింది. గుంటూరు యార్డు మిర్చి చైనా, థాయ్‌లాండ్, బంగ్లాదేశ్‌లకు పోతోంది. సుడాన్ రంగు కలిసిందేమోనని యూరప్ 2003లోనే మన కారాన్ని పరీక్షించడం మొదలుపెట్టింది. ఆ కాయ కోసిన మనిషికి ఎంత ముట్టిందో అడగగల సంఘాలు ఆ దేశాల్లో ఎక్కడున్నాయో మనవాళ్లు వెతకాలి, కూలి రేట్ల పట్టికతో సహా ఉత్తరం రాయాలి. సుగ్గి కూలీలకు సభ్యత్వం ఇచ్చాక ఆ పని చూద్దామని ఇక అనను. రెండూ ఈ మిరప కోతల్లోనే మొదలుకావాలి, ఆ ఉత్తరం మీద మొదటి సంతకాలు గుడారాల్లోని ఆడవాళ్లవి కావాలి.