ఇతికర్తవ్యత లేని యాశ: కీన్సు వ్యాసవిమర్శము

దుష్కాలమున నాశను బోధించు రచనలు రెండు తెఱఁగులవి. కొన్ని దైవముపై భారము వైచును. కొన్ని మానవుని నేర్పుపై వైచును. రెండవ తెఱఁగునకుఁ జేరినవానిలో ఆంగ్లార్థశాస్త్రజ్ఞుఁడగు జాన్ మేనార్డు కీన్సు రచించిన "మన మనుమల కాలపు టార్థికావకాశములు" అను వ్యాసము మిక్కిలి ప్రసిద్ధము. ఇది 1928లో నుపన్యాసముగా మొదలై, 1930 అక్టోబరులోఁ బత్రికయందు వెలువడి, మఱుసటి యేఁట నాతని వ్యాససంపుటమునఁ జేరినది. నడుమ 1929లో న్యూయార్కు వాటాల విపణి కూలెను. పశ్చిమదేశములఁ బనివాండ్రు లక్షలకొలఁది జీవనము గోల్పోయిరి. అంతటి విపత్తునందును గ్రంథకర్త తన సిద్ధాంతమును విడువలేదు.

ఆ సిద్ధాంత మిది. లోకము ముదిసి క్షీణించుట లేదు; త్వరగాఁ బెరుఁగుటచేతనే నొచ్చుచున్నది. ఆవిరి, విద్యుత్తు, ఉక్కు, స్వయంచలితయంత్రములు తక్కువ శ్రమతో నెక్కువ ఫలము నిచ్చును. శ్రమ తగ్గు వేగమునకు క్రొత్తపనులు దొరకు వేగము చాలకపోవుటచే నిరుద్యోగము కొంతకాలము బాధించును. నూఱేండ్లకుఁ బురోగామిదేశముల జీవనప్రమాణము 4 మొదలు 8 రెట్లగును. మహాయుద్ధములును జనసంఖ్యాభివృద్ధియు లేకున్నచో నార్థికసమస్యయే తీఱును. వారమునకు 15 గంటల పని చాలును.

1939లో మహాయుద్ధము వచ్చినను, జనసంఖ్య పెరిగినను, ఇంగ్లాండు, అమెరికాలలోఁ దలసరి యాదాయము గడువు రాకమునుపే 4 రెట్లు మించినది. 15 గంటల వారము మాత్రము రాలేదు. ఒక్క సాధనమునుండి చెప్పిన రెండు ఫలములలో నొకటి సిద్ధించి వేఱొకటి తప్పుటకుఁ గారణమేమి?

భావనకు సాధ్యము, సాధనము, ఇతికర్తవ్యత యను మూఁడంశము లుండవలెనని మీమాంసకుల మతము. ఈ వ్యాసమున సాధ్యము విశ్రాంతి. సాధనము నవకల్పనలును మూలధనసంచయమును. ఇతికర్తవ్యత లోపించినది. మిగిలిన పనిని జనులెల్లరుఁ బంచుకొందురని యొకచోఁ జెప్పెను గాని, ఎవరు పంచుదురు, ఏ శాసనముచేత, ఎవరి లాభమును దగ్గించి యను విచారము లేదు. యంత్రము శక్తి నిచ్చును. విభాగము మనుష్యులు చేయవలసినది. మనుజుల తృష్ణకు మేర లేకుండుటయే కారణమని కొందఱందురు. అట్లైనచో నొకే యూర నొకఁడు మితిమీఱి శ్రమించుటయు, పొరుగువాఁడు పని దొరకక యుండుటయు నెట్లు పొసఁగును? అది తృష్ణాదోషము గాదు, విభాగదోషము.

ఈ లోపమునకు బీజము వ్యాసమందే కలదు. 1580లో డ్రేకు స్పెయినునుండి దొంగిలి తెచ్చిన ధనములోఁ దన భాగమును ఎలిజబెత్తు రాణి వర్తకమునఁ బెట్టెననియు, ఆ లాభములనుండి ఈస్టిండియా కంపెనీ పుట్టెననియుఁ జెప్పి, చక్రవడ్డీ మహిమను గ్రంథకర్త యుత్సాహముతో వర్ణించెను. 1611లో నా కంపెనీ నౌక మచిలీపట్టణము చేరినది. అచ్చటివారి సంతతి యీ కథను జదివినచో, ఆ వడ్డీ యెవరి శ్రమనుండి వచ్చెనని యడుగక మానదు. ఆ ప్రశ్నయే వ్యాసమున లేదు.

అంతమాత్రమున నిది త్యాజ్యము గాదు. భయకాలమున దూరదృష్టి నిచ్చుట దీని గుణము. యంత్రములే వ్రాయఁజొచ్చిన నేఁడు ఆ భయము మరల వచ్చినది. కాఁబట్టి పాఠకులు మొదటి రెండంశములను గీన్సునుండి గ్రహించి, మూఁడవదానిని దామే విచారించి పూరింపవలయును.