చల్లబరిచే చేతులు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొత్త కంప్యూటర్లు అమ్మేవాళ్లకన్నా పాతవాటిని బతికించే మెకానిక్‌లంటేనే నాకు గౌరవం ఎక్కువ. వేడెక్కి మొరాయించే పదేళ్ల డెస్క్‌టాప్ తెస్తే, మంచి మెకానిక్ వెంటనే కొత్తది కొనమనడు. మూత విప్పి చూస్తాడు. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా అట్టకట్టి ఉంటుంది. బ్లోయర్ పెట్టేముందు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకుంటాడు. ఆ గాలికి అది మితిమీరి తిరిగితే బేరింగ్ దెబ్బతినొచ్చు. ఆ వేలు చూస్తే చాలు, పనితనం తెలిసిపోతుంది.

ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెడతాడు. ఎక్కువ పూస్తే మేలనుకుంటారు చాలామంది. రెండు లోహాల మధ్య సన్నని సందుల్లో గాలి లేకుండా చేయడమే దాని పని. మందమైతే వేడికి అదే అడ్డు. ఆపైన వైర్లను ఒక పక్కకు కట్టి, ముందునుంచి చల్లగాలి వచ్చి వెనకనుంచి వేడిగాలి పోయేలా ఫ్యాన్లు సరిచేస్తాడు. చోటుంటే 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ తీసి 120ది బిగిస్తాడు. నెమ్మదిగా తిరిగినా అంత గాలీ ఇస్తుంది, చప్పుడూ తక్కువ.

మూత బిగించాకే కాసేపు నడిపి ఉష్ణోగ్రత చూస్తాడు. మూత తీసి ఉన్నప్పుడు కనిపించే అంకె ఇంటికెళ్లాక నిలవదని అతనికి తెలుసు.